రెండు అమరికల మధ్య తేడా

ఫిబ్రవరి 11, 1986
ఆర్.కె. పురం

సిలికాన్ పరమాణువులు రెండు అమరికల్లో దేనిలో స్థిరంగా ఉంటాయన్నది సుజాత థీసిస్; దేని శక్తి తక్కువైతే అది స్థిరం. ఆ లెక్కలను కంప్యూటర్‌లో నడిపేది నేను; కటాఫ్, అంటే లెక్క ఎంత వివరంగా చేయాలో చెప్పే హద్దు, తక్కువ పెట్టుకోమని సలహా ఇచ్చిందీ నేనే. పెంచితే ఫలితం మరింత కచ్చితంగా వస్తుంది గానీ, ఆమెకు ఇచ్చిన కంప్యూటర్ టైమ్ చాలదు.

ఈరోజు పక్క టెర్మినల్ దగ్గర పనిచేసే హర్బన్స్ తన టైమ్ మాకు వదిలేశాడు. "లే లో భయ్యా, మేరా ప్రోగ్రామ్ తో సో రహా హై" అన్నాడు. అతని ప్రోగ్రామ్ ఎలాగూ నిద్రపోతోందట.

కటాఫ్ పెంచి మొదటి అమరికను నడిపాను. శక్తి విలువ బాగా దిగిపోయింది, అంటే పాత విలువ తప్పన్నమాట. నా మాట నమ్మి ఆమె చేసిన ఇన్ని నెలల పనీ వృథా అయిందనుకున్నాను. కాగితం ఆమె ముందు పెట్టాను.

సుజాత చూసి, "కంగారెందుకండీ రావు గారూ? రెండోది కూడా ఇదే కటాఫ్‌తో నడపండి. మనకు కావలసింది తేడాయే కదా" అంది.

నడిపాను. అదీ దాదాపు అంతే దిగింది. తేడా మాత్రం పాతదే.

రెండు వైపులా ఒకే పొరపాటు ఉంటే తీసివేతలో పోతుందని బొమ్మ గీసి, తోటివాడికి చెప్పినట్టు చెప్పింది. పుస్తకాలు ముందేసుకుని ఒంటరిగా నేర్చుకున్నవాణ్ణి. నా పక్కన కూర్చుని ఇలా ఎవరూ చెప్పలేదు. వేరే పదార్థానికి కూడా ఇలాగే కుదురుతుందా? రేపు అడగాలి...

థాంక్స్ చెప్పబోయి, "టీ తాగుదామా?" అన్నాను.

"మీరే టీకి పిలుస్తున్నారంటే ఆన్సర్ కరెక్టేనన్నమాట" అని హర్బన్స్‌ని కూడా కేకేసింది.