తడి పడుగు

కోడుమూరు, మగ్గాల వీధి
1955 మార్చి 13, ఆదివారం

ఖాసిం బావకు మద్దిలేటి దండం పెట్టి రాసే జాబు.

ఈడ మేమందరం తింటాండాము, తిరుగుతాండాము. అంతకంటే బాగుండామని రాయడానికి కలం సాగలేదు. ఆడ నువ్వూ, మదార్ బీ చెల్లెలూ, కూతురింట్లో అందరూ సల్లగా ఉండారని తలుస్తాను. కమలాపురం నీళ్ళు నీ ఒంటికి పడినాయా?

నీ కార్డులు రెండూ అందినాయి. అర్జీ ఏమైందని అడిగినావు. మూడో తరగతి సదువు నాది, రాయాలంటే చెయ్యి రాదు. రాసేది కూడా పెద్దగా లేదు. పడుగుల బయలు పోయింది.

మొన్న సోమారం నుంచి షావుకారు శేషన్న మనుషులు ఆడ పునాది తవ్వుతాండారు. మీ పక్క చెనక్కాయలంటారే, ఆ బుడ్డలు ఒలిచే మిల్లు. సర్కారు బయలు కాబట్టి సర్కారే వానికి ఇచ్చింది. మన తాతల కాలం నుంచి తెల్లారితే మనం పడుగులు చాపుకునే తావని ఏ కాగితంలోనూ లేదంట.

బావా, నువ్వు నలభై ఏండ్లు మన నూలుకు రంగులేసినోడివి, నీకు చెప్పేదేముండాది. ఇరవై గజాల పడుగు నూలు తిన్నగా చాపి గంజి పెట్టాలంటే మన ఒంకర వీధిలో కుదరదు. కుదిరినా, పక్కనే మిల్లు ఆడితే పొట్టు ఎగిరొచ్చి తడి గంజికి అంటుకుంటాది. ఆ పోగు మగ్గమెక్కితే తెగడమే. ఈ మాటే మన గురమ్మ శేషన్నను మొగం మీద అడిగింది. మిల్లు వస్తే మీ పిల్లోళ్ళకు కూలి దొరుకుతాది కదమ్మా అని వాడంటే, మా పిల్లోళ్ళకు పని ఉండాది గానీ ఆ పొట్టేదో నీ పడసాల్లో పోసుకోప్పా, పరుపు మాదిరి మెత్తగా ఉంటాది అనింది. ఆ దినం వీధంతా నవ్వినాము. మళ్ళీ నవ్వింది లేదు.

బయలు మిల్లుకు ఇవ్వద్దని పీర్ల పండగకు వచ్చినప్పుడు నువ్వు రాసిచ్చిన అర్జీ మీద అందరి వేలిముద్రలు వేయించి పంపినాము. ఫిబ్రవరి పన్నెండో తేదీన కర్నూలు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడని కబురొచ్చింది. మన నాగన్న ఉడుకు మనిషి కదా, వాడొక ఉపాయం చెప్పినాడు. నోటితో చెప్తే నమ్మరు, కండ్లకు చూపిద్దాము, ఆ దినం వీధిలో ఉండే పడుగులన్నీ ఒక్కతూరే చాపుదాము అన్యాడు. అందరికీ బాగుందనిపించింది. నాకూ అనిపించింది.

పొద్దు పొడిచేలోగానే గంజి కాచినారు. పదకొండు పడుగులు బావా. నేను పుట్టినాక అన్ని పడుగులు ఒకే పొద్దున చూడలేదు. ఎరుపు, పసుపు, నీలం, బయలంతా పరుచుకున్యాయి. మొగోళ్ళు గంజి కుంచెలు పట్టుకున్యారు. ఆడోళ్ళు తెగిన పోగులు ముడేస్తాండారు.

ఆఫీసరు జీపు వచ్చేసరికి ఎండ ముదిరింది. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూసి, శానా బాగుండాది అన్యాడు. ఎండకు తాళలేక చావడిలో పోయి కూర్చున్యాడు. అడ్డం చెప్పేవాళ్ళు వచ్చి చెప్పండి, నేను ఇంకో ఊరికి పోవాల అని బంట్రోతును పంపినాడు.

ఎవరు పోతారు? గంజి తడి మీద ఉండాది. ఆ ఎండలో కుంచె ఆపితే పోగూ పోగూ అతుక్కొని పడుగు కట్టె అయిపోతాది. ఒక్కో పడుగు ఒక్కో ఇంటి కూడు. చూపించాలని చాపినవే మమ్మల్ని కట్టేసినాయి. రవ్వంతసేపు ఆగమని చెప్పు సామీ అని నాగన్న బంట్రోతును బతిమాలితే, దొరకు వేరే పని లేదనుకుంటివా అని వాడు ఎగిరినాడు. అప్పుడు నాగన్న కుంచె ఆడిస్తానే నా పక్క చూసి, మద్దిలేటి తాతా, నీ చేతులు ఖాళీగా ఉండాయి, సదువుకున్నోడివి, నువ్వు పో అన్యాడు. చేతులు వణుకుతాండాయని నాకు కుంచె ఇచ్చేది మాని రెండేండ్లయింది. పో అన్నా, కొత్త పెండ్లికొడుకు మాదిరి సిగ్గుపడద్దు, నోరు తెరువు అని గురమ్మ కూడా అనింది.

పోయినాను. వచ్చినాను. మన మాట నిలబడలేదు.

ఎనిమిది దినాలకు టముకు వేసి, బయలు శేషన్నకు ఇచ్చినామని చాటినారు.

వీధిలో అందరూ ఆఫీసరును తిడతాండారు. శేషన్న ఇంట్లో విందు తిన్నోనికి మన తాత మాట యాడ చెవికెక్కుతాది అంటారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను చావడిలో ఎట్లా మాట్లాడినానో నాగన్న తాను చూసినట్లే అందరికీ చెప్తాండాడు. గురమ్మ దినామూ మజ్జిగ పంపుతాది. పక్కింటి పిల్లోళ్ళకు పోస్తాండాను.

నాగన్న మగ్గం విప్పి అటకెక్కించినాడు. ఆదోనిలో పత్తి మిల్లు కూలికి పోతాడంట. ఉండే ఊర్లో శేషన్న మిల్లుండగా అంతదూరం ఎందుకప్పా అని ఎవరో అంటే, వాని గడపలో నా చెప్పు కూడా ఇడవను అన్యాడు. ఇంకా మూడిండ్లోళ్ళు పోయే మాటలో ఉండారు. నాకు పోయే వయసు కాదు. పొద్దున్నే బయలు పక్కకు నడిచే అలవాటు కాళ్ళకు పోలేదు. పోయి ఆ గుంతల దగ్గర నిలబడి వస్తాండాను.

ఇంతే బావా. ఒళ్ళు జాగ్రత్త.

ఇట్లు
నీ మద్దిలేటి

జాబు మడవబోయి మళ్ళీ విప్పినాను. పైన రాసిందాంట్లో ఒకటి తక్కువుండాది.

ఆఫీసరు చెడ్డోడు కాదు బావా. నన్ను కూర్చోమన్యాడు. తాతా, మీకేమి నష్టమో నీ మాటల్లో చెప్పు, రాసుకుంటాను అన్యాడు. మూడుతూర్లు అడిగినాడు. చావడి నిండా శేషన్న పక్కోళ్ళే, మన వీధోళ్ళు ఒక్కరూ లేరు, అందరూ నన్నే చూస్తాండారు. దారి పొడుగునా అనుకుంటా పోయిన మాటల్లో ఒక్కటీ రాలేదు. అయితే అడ్డమేమీ లేదని రాసుకోనా అన్యాడు. నా తల ఊగింది. గుమాస్తా రాసి కాగితం ముందర పెట్టినాడు. అర్జీ వదులుకుంటాండాము, మాకు అభ్యంతరం లేదు అని తెలుగులోనే ఉండాది. సదివినాను. సదివే సంతకం చేసినాను. ఆడ నుంచి బయటపడితే చాలనిపించింది.

నెల లోపల మనసు మారితే కర్నూలుకు రాసుకోవచ్చునని కూడా ఆయనే చెప్పినాడు. నిన్నటికి నెల నిండింది. నీకు ముందే రాసుంటే నువ్వు బస్సెక్కి వచ్చేవాడివి.

నేను తిరిగొచ్చేసరికి పడుగులు సగం ఆరినాయి. చెప్పినావా తాతా అని నాగన్న ఆ కొస నుంచి కేకేసినాడు.

చెప్పినాను అన్యాను. ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా వచ్చింది.