నా ఫొటో మీద ఎర్ర గుర్తు

మాస్టారికి నమస్కారం.

దొంగ ఫొటోలను ఎలా పట్టుకోవాలో విలేకరులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నారు, సంతోషం. మా ఎడిటర్ గారు చేరమంటే నేనూ చేరాను. నాలుగో పాఠం తెరవగానే ఒళ్ళు మండిపోయింది. 'అబద్ధం' అని మీరు ఎర్ర గుర్తు పెట్టి చూపించిన ఆ ఫొటో తీసింది నేను!

మా ఊరి ఆసుపత్రి వరండాలో, మంచం దొరక్క నేల మీద పడుకున్న భర్త పక్కన, సెలైన్ సీసాను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డ ఆవిడ మా వీధిలో బట్టలు కుట్టే అక్క. ఎవడో ఆ ఫొటో ఎత్తుకుపోయి, ఎక్కడో యుద్ధంలో తీసిందని కింద రాసి, ఫోన్లన్నిటికీ పాకించాడు. అబద్ధం ఆ రాత మాస్టారూ, ఫొటో కాదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడతారా?

'ఫొటో తీసినవాళ్ళను అడగండి' అని మీ పాఠంలోనే ఉంది. మరి నన్ను మీరు అడిగారా?

ఇప్పుడు ఆసుపత్రి పెద్ద డాక్టరు మీ పాఠాన్నే అందరికీ చూపిస్తున్నాడు. "మా దగ్గర అలాంటిదేం జరగలేదండీ, విలేకరులకే అలా నేర్పుతున్నారు" అంటున్నాడు. అది విని అక్క నా దగ్గరికొచ్చి, "మరి నా భుజం ఇంకా ఎందుకు లాగేస్తోందే?" అంది.

చివర పరీక్షలోనూ అదే ఫొటో ఇచ్చారు. 'నిజం' అని నొక్కాను, పరీక్ష తప్పాను. సర్టిఫికెట్ కావాలంటే మళ్ళీ రాయాలట. ముందు మీ పాఠం దిద్దండి. అప్పటిదాకా ఎన్నిసార్లు రాయించినా నేను తప్పుతూనే ఉంటాను.

మీ పరీక్ష తప్పిన విలేకరి