దిండు సంగతి రాయలేదేం?

చిరంజీవి చంటోడికి, అక్క దీవిస్తూ రాసేది.

నీ ఒంట్లో ఎలా ఉంది? మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ అబ్బాయి దగ్గు తగ్గిందా? కోడలికి నిద్ర పడుతోందా? మనవరాలికి పళ్ళు వచ్చాయా, వచ్చినవి వరుసలో వచ్చాయా? మీ వీధి చివర మందుల షాపాయన బాగున్నాడా? ఆయన మంచాన పడితే మీ అందరికీ మందులెవరిస్తారు?

మొన్న మరదలు మా అమ్మాయితో ఫోన్లో "అందరం బాగున్నాం" అంటూ మధ్యలో ఒక్క క్షణం ఆగిందట. ఆ ఆగడంలో ఏముందో రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో "బాగున్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే పేజీ నిండాలి కాబట్టి నిజం చెప్పక తప్పదు.

నాకేం, రాయిలా ఉన్నాను. మెట్లెక్కితే కాస్త ఆయాసం. అది మెట్లు కట్టినవాడి తప్పు.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఈ ఉత్తరం నీకు అందకపోతే వెంటనే రాయి.

*

అక్కయ్యకు, తమ్ముడి నమస్కారాలు.

అందరూ బాగున్నారు. మందుల షాపాయన అందరికంటే బాగున్నాడు, అంతా మా చలవే.

దాస్తే నాలుగు ఉత్తరాలు రాస్తావు, చెబితే ఎనిమిది రాస్తావు. అయినా చెబుతున్నా. గుండెకు నెత్తురు తెచ్చే గొట్టాలు మూడు పూడుకుపోయాయట నాకు. కాల్లోంచి నరం తీసి, పూడిక తగలకుండా పక్కదారి కుట్టాలన్నాడు డాక్టరు. అదీ గుండె ఆపకుండానే! అది కొట్టుకుంటూనే ఉంటుందట, ఆయన కుట్టుకుంటూనే ఉంటాడట.

నలభై ఏళ్ళు ఇళ్ళకు కరెంటు పని చేశాను. మెయిన్ ఆపకుండా ఏనాడైనా వైరు ముట్టుకున్నానా? అదే అడిగాను. "మీ గుండెకు ఇలా చేయడమే మంచిది. కుట్టే చోటు మాత్రం కదలకుండా పట్టుకుంటాం" అన్నాడు. పట్టుకుంటాడట! ఆలోచించి చెబుతానని వచ్చేశా. మూడు నెలలుగా ఆలోచిస్తున్నా. భయం కాదు, పద్ధతి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. "భయమే" అని రాయమంటోంది నీ మరదలు.

*

చంటోడికి, అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి కూర్చున్నచోటే కూలబడ్డాను. కూర్చునే ఉన్నాను కాబట్టి దెబ్బ తగల్లేదు. జవాబు రాయడానికి వారం పట్టింది.

కదిలేదాన్ని ఎలా కుడతార్రా? కదలని చొక్కాకి బొత్తాం కుడుతూనే వేలు పొడుచుకుంటాను నేను. ఆయన సూది దించే వేళకి ఎవరైనా తుమ్మితే? తలుపు దభాలున పడితే? నీకు పీడకల వచ్చి గుండె ఎగిరిపడితే? "లోపల కుట్టుపని జరుగుతోంది, చప్పుడు చేయకండి" అని రాసి తలుపుకి అంటించమను.

ఇంకొన్ని అడిగి రాయి. కట్టుడు పళ్ళు తీసేయమంటారా? గాజులు చేతికి బిగుసుకుపోయి ఉంటే కోసేస్తారా? జుట్టు ముడి ఉంచనిస్తారా, జడ వేసుకోవాలా? తప్పించుకునే దారేమీ లేదా?

ఇట్లు,
నిద్ర లేని నీ అక్క

తా.క. ఇవన్నీ ఊరికే అడుగుతున్నా. ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

*

అక్కయ్యకు నమస్కారాలు.

నాకు గాజులు లేవు. జుట్టు పోయి పదేళ్ళయింది. బెంగలో పడి తమ్ముడెవరో కూడా మర్చిపోతున్నావు. ఇలాగే ఉంటే నీకే ఏదో ముంచుకొస్తుంది.

నీ బెంగ సంగతి ముందే తెలుసు కాబట్టి నీకు చెప్పకుండా ఆపరేషన్ చేయించేసుకున్నా. అయిపోయింది! చీమ కుట్టినట్టు కూడా లేదు. కళ్ళు మూశాను, తెరిచాను. మూడో రోజున వరండాలో నడిచాను. గాజుల సంగతీ అడిగాలే. సబ్బు రాసి తీస్తారట. ఇక హాయిగా పడుకో.

ఇట్లు,
కొత్త గుండెలాంటి పాత గుండెతో నీ తమ్ముడు

తా.క. నీ ఉత్తరం రెండో రోజున ఆసుపత్రిలోనే చదివాను. పక్క మంచం ఆయనకీ చదివి వినిపించా. ఇద్దరం పగలబడి నవ్వాం. తెరలు తెరలుగా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వామంటే నమ్ము.

*

చంటీ, దీవెనలు. బతికించావురా.

బల్లిని చూసి బల్లెక్కే వాడివి. నువ్వే చేయించుకోగలిగితే లోకంలో ఎవరైనా చేయించుకోగలరు. కొన్నాళ్ళు ఉత్తరం రాయలేను, ఇంట్లో చిన్న పని ఉంది. బెంగపడకు.

ఇట్లు,
అక్క

తా.క. "బెంగపడకు" అని నేను ఒకరికి రాయడం ఇదే మొదలు. కుదిరిందా?

*

అక్కా, నమస్కారం.

కుదరలేదు. ఆరు వారాలుగా నీ దగ్గర్నించి ముక్క లేదు. ఏమిటా చిన్న పని? మేనకోడలికి ఫోన్ చేస్తే "అమ్మ బాగుంది మామయ్యా" అంటూ మధ్యలో ఆగింది. ఆ ఆగడంలో ఏముంది? పిల్లలకు జ్వరమా? మెట్ల మీంచి పడ్డావా? పోస్టుమాన్‌కి బాగుండలేదా? తిండి సహించడం లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం అందకపోతే వెంటనే రాయి. నవ్వకు.

*

చిరంజీవి చంటోడికి, అక్క మనసారా దీవించి రాసేది.

కూర్చుని చదువు. మెట్లు కట్టినవాడి తప్పేం లేదట. నీకు పూడినట్టే నాకూ మూడు గొట్టాలు పూడాయి. ఒక కడుపున పుట్టినవాళ్ళం కదా. నీ కబురు వచ్చిన వారంలోనే మా డాక్టరు చెప్పాడు. గాజులూ జడా నా కోసమే అడిగాను. ససేమిరా చేయించుకోనని మొండికేసి కూర్చుంటే నీ ఉత్తరం వచ్చింది, చీమ కుట్టినట్టు కూడా లేదని. దాన్ని గుప్పిట్లో పెట్టుకునే లోపలికి వెళ్ళాను. నర్సు వేళ్ళు విప్పదీసి జాగ్రత్త చేసింది.

చీమ కాదురా, ఏనుగు తొక్కినట్టుంది. కానీ మూడో రోజున నిజంగానే నడిచాను!

రెండో రోజున దగ్గొచ్చింది. నర్సు పరుగున వచ్చి చేతికి దిండిచ్చి, రొమ్ముకి గట్టిగా హత్తుకుని దగ్గమంది. ఎముక కోసి అతికించారు కదా. తుమ్మొచ్చినా దిండే, నవ్వొచ్చినా దిండే. అది వాటేసుకునే నీ ఉత్తరం మళ్ళీ చదివాను. రెండో రోజున పగలబడి నవ్వావా? తెరలు తెరలుగానా? మరి దిండు సంగతి రాయలేదేం? ఈ ఆపరేషన్ అయినవాడెవడూ దిండు మాటెత్తకుండా అర పేజీ కూడా రాయలేడు. నువ్వింకా ఆ మెయిన్ దగ్గరే నిలబడి ఉన్నావని అప్పుడర్థమైంది. నవ్వొచ్చింది, దిండు పట్టుకున్నా. తర్వాత ఏడుపొచ్చింది. దానికీ అదే దిండు.

కోపం లేదు. నా నిద్ర కోసం అబద్ధమాడావు. ఆ అబద్ధమే నన్ను బతికించింది. కానీ అది నా ఒక్కదానికే సరిపోయింది నాయనా, నీకు మిగల్లేదు.

కదిలేదాన్ని ఎలా కుట్టారని మా డాక్టర్ని అడిగాను. రెండు వేళ్ళంత పరికరంతో కుట్టే చోటు ఒక్కటీ పట్టి ఉంచుతారట. మిగతా గుండె తన మానాన తను కొట్టుకుంటుందట. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. బడికి పంపేముందు రెండు వేళ్ళతో నీ గడ్డం పట్టుకుని తల దువ్వేదాన్ని. ఒళ్ళంతా గంతులే, గడ్డం మాత్రం నా చేతిలో కదిలేది కాదు. పాపిడి ఏనాడైనా వంకర పోయిందా? అంతేరా.

మరదలికి విడిగా రాశాను. తను మీ డాక్టరుతో మాట్లాడింది. వచ్చే నెల పధ్నాలుగున నీకు ఆపరేషన్. నేను ప్రయాణం చేయొచ్చన్నాడు మా డాక్టరు. నిన్ను లోపలికి తీసుకెళ్ళేదాకా నీ గడ్డం నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీకంటే ముందు పుట్టి, ముందే కుట్టించుకున్న నీ అక్క

తా.క. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం నువ్వే పెట్టాలట. పెన్ను తెస్తున్నా. దిండూ తెస్తున్నా. బరువులు ఎత్తకూడదు కాబట్టి పెట్టె మా అమ్మాయి మోస్తుంది, దిండు మాత్రం నేనే. పన్నెండో తారీఖు, పొద్దున బండికి దిగుతాం.