శుభలేఖలో నా పీహెచ్‌డీ

తెనాలి, 1974 మే, ఆదివారం రాత్రి

శుభలేఖ రాయించడానికి రేపల్లె నుంచి కాబోయే మామగారు, వాళ్లబ్బాయి వచ్చారు. నాన్న రాసిన చిత్తులో నా పేరు పక్కన పీహెచ్‌డీ చూసి, "అంటే ఏంటండి?" అన్నారు మామగారు.

"ఎం.ఏ. అయ్యాక కూడా సంబంధం కుదరకపోతే చదివేదండి," అంది అమ్మ. నాకు ఒళ్లు మండింది.

"మావాడు ఉత్త బి.ఏ. గదండీ. అదేదో మావాడి పేరు పక్కన వేయించండి. పెళ్లయ్యాక ఇద్దరిదీ ఒకటేగా!"

నాన్న అప్పుడే పెన్ను తీశారు! ఈ పెళ్లే వద్దని చెప్పేద్దామని లేచాను.

"వద్దు నాన్నా, దేనిమీద అని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?" అని పెళ్లికొడుకు నావైపు తిరిగాడు. "ఇంతకీ దేనిమీదండి?"

ఇన్నేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. రేపల్లె ఆఖరి బస్సు వెళ్లిపోయింది. వసారాలోంచి మామగారి గురక వినిపిస్తోంది. ఇంకా రెండో అధ్యాయమే అయింది...