నీ పేరుతో తెరిచిన రిపోర్టు

రెహానా ఆపా,

నువ్వు పోయి నేటికి ఏడాది. శాలిబండలోని మన ల్యాబులో నీ కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. నీ లాగిన్ మాత్రం మొన్నమొన్నటిదాకా ఎవరూ మూయలేదు. రద్దీలో పని తొందరగా అవుతుందని నీ పాస్‌వర్డ్ నేనే అందరికీ చెప్పాను. నువ్వుంటే ఒప్పుకునేదానివి కాదు.

పోయిన నెల జహనుమా నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఆమెకు టీబీ అని మన ల్యాబు నుంచే అత్తింటివాళ్లకు తెలిసిపోయిందట. డాక్టరుగారు కంప్యూటర్లో వెతికిస్తే, ఆ రిపోర్టు తెరిచింది నువ్వేనని చూపించింది. మా అందరినీ వివరణ రాసి ఇమ్మన్నారు.

"పోయినామెను ఎవరేమంటరు? గట్లనే రాసి ఇచ్చేద్దాం, ఫికర్ చెయ్యకు," అన్నాడు కౌంటర్లో ఉండే సలీం భాయ్.

నేనలా రాయలేకపోయాను. నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్లాను.

"ఆపా పాస్‌వర్డ్ అందరికి నేనే ఇచ్చిన సార్. తప్పు నాది."

నాకు మెమో ఇచ్చారు. అసలు చూసిందెవరో నేటికీ తేలలేదు. ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, నీది నా చేతనే మూయించారు.

మెమో అందిన సాయంత్రమే జహనుమా వెళ్లి ఆమెకు జరిగింది చెప్పి, క్షమించమన్నాను.

"ఇగ మీ ల్యాబుకు రాను," అని తలుపేసుకుంది.

మందులు కూడా మానేస్తుందేమోనని భయపడ్డాను. ఇవాళ మళ్లీ కఫం పరీక్షకు వచ్చింది ఆపా. నువ్వు చేసినట్టే, పేరు పైకి పిలవకుండా, దగ్గరికెళ్లి లోపలికి తీసుకొచ్చాను.

నీ
సుజాత