సమాధుల పండుగనాడు నా పేరు

లాల్‌గడి మలక్‌పేట్,
4 నవంబర్ 2025.

యేసు, మరియ, జోజప్పల తోడు.

చెల్లె జెసింతకు, అక్క లూర్దమ్మ దీవించి రాయునది. మన గుడి వదిలి ఆ మందిరంలో చేరావు కాబట్టి, పైన రాసిన ముగ్గురిలో మొదటాయన పేరు ఉంచుకుని మిగతా రెండూ నువ్వు కొట్టేస్తావని తెలుసు. కొట్టేసుకో, కానీ ఉత్తరం చించకుండా చివరిదాకా చదువు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా మనిద్దరం మాట్లాడుకోము, అరుచుకుంటాం. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఉత్తరాల్లో రాసే క్షేమం కాదు, నిజంగానే ఊపిరితో ఉన్నాను.

ఆదివారం సాయంత్రం నువ్వు నా చెంప మీద ఇచ్చిన దెబ్బ ఇంకా చురుక్కుమంటోంది. దానికేం బాధ లేదు. గిదంతా నన్ను మీ పండుగకు గుంజనీకి ఆడిన నాటకమా అక్కా అని అడిగి, ఆటో ఎక్కి కొంపల్లి వెళ్లిపోయావు చూడు, అది ఓర్చుకోలేకపోతున్నాను. నాటకం కాదే తల్లీ. ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

సమాధుల పండుగ పూజ పొద్దున్నే మొదలైంది. బయటి మంచు గుడి గుమ్మం దాటి లోపలికొచ్చింది. మంచూ సాంబ్రాణి పొగా కలిసిపోయి ఎదుటివాళ్ల మొహాలు కూడా సరిగ్గా ఆనలేదు. కొత్తగా వచ్చిన ఫాదర్ చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నారు. పేరు పేరుకూ గంట. మన నాయిన ఇన్నయ్య పేరు వచ్చింది, కళ్లు తుడుచుకున్నాను. వెంటనే, ఇన్నయ్యగారి కుమార్తె లూర్దమ్మ అన్నారు. గంట మోగింది. నిత్య విశ్రాంతి దయచేయండి అని అందరితో పాటు నేనూ అనేశాను. అన్నాక గానీ తెలియలేదు, నా విశ్రాంతి కోసం నేనే అడిగానని.

ఒళ్లు దూదిలా తేలిపోయింది. పక్కవాళ్లు నన్ను చూస్తున్నారా, నాలోంచి వెనక గోడను చూస్తున్నారా అని అనుమానం వచ్చింది. చెయ్యి గిల్లుకున్నాను. అమ్మ మాత్రం తలెత్తలేదు, జపమాల తిప్పుతూనే ఉంది. పూజ అయ్యాక, బతికున్నదాన్ని పూడ్చేస్తారా అని ఫాదర్‌ని నిలదీశాను. ఆయన బిత్తరపోయి, మీ ఇంట్లోవాళ్లు చెప్పిన పేరే కదమ్మా అన్నారు. తప్పు కప్పుకుంటున్నాడనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పాలుపోసే సాలేహా గుమ్మంలో నిలబడి, లూర్దక్కా, నువ్వు సచ్చిపోయినవంటున్నరు, మరి గీ పాలు ఎవలకు పొయ్యాలె అని ఒకటే నవ్వు. నేనూ పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. కొత్త వెంచర్‌లో ఇల్లు కొన్న మీ మందిరంవాళ్లెవరో, నా మొహం ఎరగనివాళ్లు, ఈ మాట విని మీ అక్క పోయిందట కదా అని నీకు ఫోన్ చేశారని నాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం సమాధులన్నీ బంతిపూలతో, కొవ్వొత్తులతో పచ్చగా వెలుగుతున్నాయి. నేల మీదే చుక్కలు పొడిచినట్టుంది. నాయిన సమాధిని అమ్మ కడిగి, పక్కనున్న చిన్న దిబ్బకు ఎప్పటిలాగే ఎర్రమట్టి అలికింది. గుర్తుందా, అది ఎవరిదని చిన్నప్పుడు అడిగితే, ఎవరో పసిది బిడ్డా అనేది. తర్వాత వెళ్లి అవతలి గోడ దగ్గర ఆడవాళ్లతో జపానికి కూర్చుంది. నేను సీతాఫలం చెట్టు పక్కన, గాలికి ఆరిపోయిన కొవ్వొత్తులు వెలిగిస్తున్నాను. అప్పుడొచ్చావు నువ్వు.

కలేమో అనుకున్నాను. ఆ వెలుగులో చెప్పులు చేత్తో పట్టుకుని, ప్రతి సమాధీ వంగి చూస్తూ వస్తున్నావు. నాకు చెప్పకుండనే పూడ్చేసిన్రా అని నీలో నువ్వే అనుకుంటున్నావు. నాయిన పక్కన తడిమట్టి కనబడగానే కూలబడి ఏడ్చావు. అంత చిన్న దిబ్బలో నేనెలా పడతానని కూడా చూడలేదు పిచ్చిదానా! చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించమని బైబిల్ వాక్యంలో లేదని, మన పండుగలన్నీ మనుషులు పెట్టుకున్నవేనని మరియమ్మ పటం ముందే నాతో కొట్లాడి వెళ్లిన నువ్వు, కొవ్వొత్తి వెలిగించావు. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒక్క మాట తప్పకుండా చెప్పావు. పిలవబోయాను. పిలిస్తే కరిగిపోతావేమోనని భయమేసింది. నువ్వు అక్కడుండటం అంత బాగుందే నాకు. లేచి తిరిగేసరికి ఎదురుగా నేను. నా చెంప తడిమి చూశావు. వెచ్చగా తగిలాక కొట్టావు.

నువ్వు వచ్చి వెళ్లిన సంగతి అమ్మకు చెప్పలేదు. ఆగకుండా వెళ్లిపోయావంటే ఆమె తట్టుకోలేదు.

జెసింతా, నీ మందిరం మానమని నేనడగను. ఏ పండుగకూ రావద్దులే. కానీ అక్క నన్ను మోసం చేసిందనే మాట ఒక్కటి మనసులోంచి తీసెయ్యి. అది ఉంటే నాకు ముద్ద దిగదు.

నీ దెబ్బ తిన్న అక్క,
లూర్దమ్మ

తా.క.: దాచి ఉండలేక, కవరు అంటించేముందు ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఫాదర్ తప్పు కప్పుకున్నాడన్న దగ్గర ఆపమంది. ఆ పేరు చెప్పింది నేనే బిడ్డా అంది. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. దాని పేరూ లూర్దమ్మేనట. బోసినవ్వులప్పుడే జ్వరమొచ్చి పోయిందట. ఆ పేరు ఇంట్లో వినబడకుండా పోవద్దని, తర్వాత పుట్టిన నాకు పెట్టుకున్నారట. పూజలో చదివిస్తే నాకు కీడని ఇన్నేళ్లూ నోరు కట్టుకుందట. ఇగ నేను పోతే దాని పేరు ఎవలు చదివిస్తరు, అది పుట్టిందని ఎవలకెరుక అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఎర్రమట్టి దిబ్బ ఆ పసిదానిదే. నిన్నెవరూ మోసం చేయలేదే చెల్లె, నువ్వు అక్క సమాధి దగ్గరే ఏడ్చావు. అమ్మా నాయిన తప్ప ఆమె కోసం ఏడ్చినదానివి నువ్వే.

ఇంకో మాట కూడా రాయమంటోంది అమ్మ. సచ్చిపోయిన అక్కకోసం చెప్పులు చేత్తో పట్టుకొని ఉరికొచ్చింది గదా, బతికున్న నాకోసం ఎప్పుడొస్తదో అడుగు అంటోంది.