చర్చి దగ్గర ఎడమకి

పర్యాటక అధికారి థర్లో గారికి,

మీ ఉత్తరం అందింది. సఫోక్ తీరంలోని ఊళ్ళు చూడ్డానికి వచ్చిన దంపతులను మేం ఆటపట్టించామని రాశారు. అది నిజం కాదు.

వాళ్ళు టీ కొట్టుకు దారి అడిగింది మా పక్కింటి జెత్రోని. "చర్చి దగ్గర ఎడమకి తిరగండమ్మా" అన్నాడు. పాపం, వాళ్ళు సముద్రపు గట్టు అంచుదాకా పోయి తిరిగొచ్చారు. "చర్చి ఏదయ్యా?" అని ఆవిడ కసిరింది. "అదిగో, ఆ అలల కింద. మీరు రావడం ఆలస్యమైంది, అంతే" అన్నాడు.

వెటకారం కాదండీ. చర్చిని సముద్రం మింగింది మా అమ్మమ్మ కాలంలో. మలుపు ఇంకా ఉంది, చర్చే లేదు. దాన్ని ఎన్నడూ చూడని మా పిల్లలు కూడా దారి అలాగే చెబుతారు.

దారి చూపే బోర్డు పెడతామన్నారు, పెట్టండి. ముందు మీ కరపత్రంలో మా ఊరి పేరు పక్కన "చూడదగినవి లేవు" అన్న మాట కొట్టేయండి.

మీరే ఒకసారి రండి. మా ఇల్లు ఎక్కడని అడిగితే "చర్చి దాటాక రెండోది" అంటారు. మొదటిది నిరుడు సముద్రంలోకి జారిపోయింది. మొన్నటి తుఫానులో మా పెరడు పోయింది కాబట్టి త్వరగా రండి. వచ్చే చలికాలం తర్వాతైతే నేను మా చెల్లెలింట్లో ఉంటాను. జెత్రో మాత్రం అప్పటికీ వచ్చినవాళ్ళందరికీ మా ఇంటి దగ్గర కుడికి తిరగమనే చెబుతాడు.

ఇట్లు,
చర్చి పక్కవీధి మనిషి